అరవై ఒకటో రికార్డు

సంతాప సభల్లో మాట్లాడేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పోయిన మనిషి ఎప్పుడు పుట్టింది, ఏ ఏడు ఉద్యోగంలో చేరింది, ఏ హోదాలో రిటైరైంది, అన్నీ కాగితం చూసి చదువుతారు. మనిషి నవ్వితే ఎలా ఉండేదో ఒక్కరూ చెప్పరు. మొన్న బందరులో మా ఆపా సంతాప సభలోనూ ఇదే తంతు. ‘ధీరవనిత’ అన్నారొకరు. ‘నిప్పుకణిక’ అన్నారింకొకరు. నిప్పూ లేదు, కణికా లేదు. ఆపా ఆ మాటలు విని ఉంటే ముందు స్టూలు వెతుక్కునేది.

ఈ స్టూలు సంగతి చెప్పాలి. ఆపాకి నిలబడి నవ్వడం చేతకాదు. నవ్వు వస్తోందని తెలియగానే చుట్టూ చూసి, ల్యాబులో ఉన్న స్టూలేదో లాక్కుని, దానిమీద కూలబడి, అప్పుడు మొదలుపెట్టేది. స్టూలు దొరకకపోతే పొలం గట్టయినా సరే, బస్సు మెట్టయినా సరే. నోటికి అడ్డంగా చెయ్యి పెట్టుకునేది కానీ ఆ చెయ్యి ఏమీ ఆపేది కాదు. వేళ్ళ చివర్లు నల్లగా ఉండేవి. సిల్వర్ నైట్రేట్ మచ్చలవి. సబ్బుకి పోవు, నిమ్మకాయకీ పోవు, చర్మం ఊడి కొత్తది రావాల్సిందే.

నా వంతుకి ముందు ఇంకా నలుగురు మాట్లాడాలి. కుర్చీలో వెనక్కి వాలి నా ఆపాని నేను తల్చుకుంటూ కూర్చున్నాను.

ఆపా అంటే అక్క. చిలకలపూడిలో వాళ్ళింటికి వెళ్ళినప్పుడు చెల్లెళ్ళు అలా పిలవడం విని మేమూ పట్టుకున్నాం. అసలు పేరు రాయను. పూర్తి పేరు పెట్టి పిలిస్తే, “ఏంటి, ఆఫీసు నుంచి నోటీసేమైనా వచ్చిందా?” అనేది. వాళ్ళ నాన్నగారు రోల్డ్ గోల్డు నగలకి మెరుగు పెట్టే పనిలో ఉండేవారు. ఆయన వేళ్ళు కూడా ఆమ్లాలు తగిలి రంగు మారిపోయి ఉండేవి. కూతురి చేతులు చూసి, “ఇంత చదువు చదివి మా చేతులే తెచ్చుకున్నావటే!” అని ఆయన అంటే, ఆపా గుమ్మం మీద కూర్చుని పావుగంట నవ్వింది.

డెబ్భైల చివరి రోజులు. బందరులో చిన్న పీజీ సెంటరు, అందులో మా రసాయనశాస్త్రం ల్యాబు, ఏడుగురం రీసెర్చి స్కాలర్లం. నేను గుడివాడ నుంచి పొద్దున ప్యాసింజర్లో వచ్చేవాణ్ణి. పేరుకే పరిశోధన. ఎమ్మెస్సీ పిల్లలకి ప్రాక్టికల్స్ చెప్పేది మేం, వాళ్ళ రికార్డులు దిద్దేది మేం, పరీక్షలప్పుడు కాపలా కాసేది మేం. పైగా ముందటేడు ఉప్పెన వచ్చి సముద్రం దివిసీమ పొలాల మీదుగా నడిచి వెళ్ళింది కదా, ఆ మట్టిలో ఉప్పెంత ఉందో పరీక్ష చేసే పని మా సెంటరుకి వచ్చింది. వచ్చింది అంటే మా ఏడుగురికీ వచ్చింది.

చల్లపల్లి మీదుగా అవనిగడ్డ బస్సెక్కి, అక్కణ్ణుంచి నాగాయలంక, కోడూరు, ఇటు పాలకాయతిప్ప దాకా వెళ్ళి, సంచుల్లో మట్టి తెచ్చేవాళ్ళం. ఆపా మట్టి తీయగానే చిటికెడు నాలిక మీద వేసుకునేది. మొదటిసారి చూసి అరిచాను.

“ఛీ, ఏంటాపా అది!”

“నువ్వు పప్పులో ఉప్పు చూడవా?” అని ఉమ్మేసి, అంకె చెప్పేది. “రాశావా?”

రాసేవాణ్ణి. తర్వాత ల్యాబుకొచ్చి బ్యూరెట్ బిగించి, సిల్వర్ నైట్రేట్ చుక్కలు వదిలితే, పసుపు రంగు నీళ్ళు ఇటుక ఎరుపుకి తిరిగేసరికి దాదాపు అదే అంకె వచ్చేది. “మరి ఇంత కష్టమెందుకు, నీ నాలికే చాలుగా?” అంటే, “నాలిక్కి తెలిస్తే సరిపోతుందా తమ్ముడూ, కాగితానికి తెలియాలి” అనేది. కోడూరు రైతులు ఆవిణ్ణి మట్టి తినే అమ్మాయిగారనేవాళ్ళు. “అమ్మాయిగారూ, మా చెక్కలో మట్టి కూడా ఓసారి రుచి చూసి పోండి” అని గట్లమీద నిలబడి పిలిచేవాళ్ళు. కొంపలు కొట్టుకుపోయినవాళ్ళు. ఆపా వాళ్ళ మట్టి నాలిక మీద వేసుకుని మొహం వికారంగా పెడితే పగలబడి నవ్వేవాళ్ళు. “ఈ ఏడు వరి పెట్టకండి మావయ్యా. కాలవ నీళ్ళు నిలగట్టి రెండుసార్లు కడిగి వదలండి” అని చెప్పి, మళ్ళీ నావైపు తిరిగి, “రాశావా?” అనేది. పాలకాయతిప్ప దగ్గర ఓసారి నేను జారి నడుంలోతు బురదలో పడితే, చెయ్యి ఇవ్వడానికి ముందు అడిగిన ప్రశ్న కూడా అదే. ఎంత లోతుందో రాశావా, అని.

మా ప్రొఫెసర్‌గారి గురించి చెప్పకపోతే ఆపా కథ సగం కూడా కాదు. మంచివారు. మమ్మల్ని సొంత పిల్లల్లా చూసుకునేవారు, చిక్కంతా అక్కడే ఉంది. జేబులో ఎర్ర సిరా పెన్ను, కళ్ళెదుట ఏ కాగితం పడినా దిద్దాల్సిందే. పెళ్ళి శుభలేఖ ఇస్తే ముందు కామాలు పెట్టి ఆ తర్వాత ఆశీర్వదించేవారు. క్యాంటీను గోడమీది బోర్డు కూడా ఆయన చేతుల్లోంచి తప్పించుకోలేదు. వేసవిలో వాళ్ళింట్లో ఆవకాయకి మామిడికాయలు కొట్టేది స్కాలర్లే. అదో ఆనవాయితీ. సాయంత్రం అమ్మగారు అందరికీ కలిపి ఒక జాడీ ఇచ్చి పంపేవారు.

ఒకరోజు ఆపా ఆయన్ని అడిగింది. “సార్, అటెండరు బాబాయికి హాజరు పట్టీ ఉంది. గుమాస్తాగారికి ఉంది. మాకు లేదేంటి సార్?”

“మీరు విద్యార్థులమ్మా. ఉద్యోగులు కాదు.”

“మధ్యాహ్నం దాకా విద్యార్థులమే సార్. తర్వాత ప్రాక్టికల్స్ చెప్తాం, రికార్డులు దిద్దుతాం, దివిసీమ మట్టి మోస్తాం. అప్పుడెవరం?”

“అప్పుడు నా పిల్లలు” అన్నారాయన, ఎంతో ప్రేమగా.

ఆపా మర్నాటి నుంచి తనే హాజరు పిలవడం మొదలుపెట్టింది. సరిగ్గా పదిగంటలకి ల్యాబు మధ్యలో నిలబడి ఏడు పేర్లూ గట్టిగా పిలిచేది. మేం “ఉన్నాను” అనాలి. చిట్టచివర తన పేరు తనే పిలుచుకుని, తనే “ఉన్నాను!” అని అందరికంటే గట్టిగా అనేది. మా ల్యాబుకీ సార్ గదికీ మధ్య ఉన్నది చెక్క అడ్డు మాత్రమే. అవతల నుంచి దగ్గు వినిపించేది.

ఇదిలా నడుస్తుండగా నాకు పచ్చకామెర్లు వచ్చాయి. అయిదు రోజులు కోడూరు వైపు తిరిగి వచ్చాక పట్టుకున్నాయి. కళ్ళు పసుపు, ఒళ్ళు పసుపు. గుడివాడలో ఇంట్లో మంచం మీద పడేసి మా అమ్మ పొద్దున్నే మజ్జిగలో నేలఉసిరి నూరి పోసేది. నెలా పదిరోజులు. నెల దాటగానే యూనివర్సిటీ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ‘హాజరు కానందున పరిశోధన విరమించుకున్నట్టు భావించి తమ పేరు తొలగించడమైనది.’ హాజరు పట్టీయే లేనివాడు గైర్హాజరయ్యాడని ఎలా కనిపెట్టారో ఆ దేవుడికే తెలియాలి. పేరు పోతే నా చదువు పోయినట్టే. మూడేళ్ళ కష్టం మట్టిలో కలిసినట్టే. మంచం మీద గోడవైపు తిరిగి ఏడ్చాను, అబద్ధమెందుకు.

ఆ ఆదివారం ఆపా గుడివాడ వచ్చింది, చేతిలో బందరు లడ్డూల పొట్లంతో. నెయ్యి తినకూడదని మా అమ్మ చెప్పగానే, “అయ్యో, అవునుగా! సరే, నువ్వు వాసన చూడు తమ్ముడూ” అని నా మంచం పక్కనే కూర్చుని రెండు తినేసింది. తర్వాత నా చేతిలోని ఉత్తరం తీసుకుని చదివింది. ఆపా మొహంలో నవ్వు పూర్తిగా పోవడం అదే మొదటిసారి చూశాను.

“నిన్నెవరు తీసేశారంట? నేను రోజూ నీ పేరు పిలుస్తూనే ఉన్నాను.”

“నేను లేనుగా?”

“లేవని ఎవరన్నారు? నీ పేరొచ్చినప్పుడు ‘సెలవులో ఉన్నాడు’ అంటున్నా. సార్‌కి వినపడేలాగే అంటున్నా. సెలవులో ఉండటం వేరు, లేకపోవడం వేరు. తెలిసిందా?”

తెలిసింది. అప్పుడే అసలు విషయం కూడా చెప్పింది. లేబర్ ఆఫీసుకి వెళ్ళి కనుక్కుందట. యూనియన్ పెట్టుకోవాలంటే ఏడుగురి సంతకాలు కావాలట. “నిన్ను తీసేస్తే ఆరుగురం. ఆరుగురికి యూనియన్ రాదు. యూనియన్ లేకపోతే నిన్ను మళ్ళీ పెట్టుకోమని అడిగే దిక్కులేదు. మడతపేచీ చూశావా?” అని కాసేపు ఆలోచించి, “ఊరికే పడుకుని ఏం చేస్తావు, మనమూ పనివాళ్ళమేనని సార్‌కి ఇవ్వడానికి విజ్ఞాపన రాయి” అని చెప్పి, మూడో లడ్డూ తిని వెళ్ళిపోయింది.

విజ్ఞాపన ఎలా రాస్తారో నాకేం తెలుసు? ఇంట్లో ఉన్నది ఒక కొత్త రికార్డు పుస్తకం. పదో తరగతి నుంచీ నేను రాయగా రాయగా వచ్చిన రాత అదొక్కటే. చేసిన ప్రయోగానికి ఉద్దేశం, పరికరాలు, విధానం, పరిశీలనలు, ఫలితం వరసగా రాసి, అట్ట వేసి, మేష్టారి సంతకం పెట్టించుకుంటామే, ఆ రాత. అలాగే రాశాను. ఉద్దేశం: రీసెర్చి స్కాలర్లు పనివారో కాదో తెలుసుకొనుట. పరికరాలు: బస్సు, సంచి, గునపం, చేతులు. ఎడమపక్క తెల్ల పేజీలో పెన్సిలుతో ఆపా చెయ్యి బొమ్మ వేసి, నల్ల మచ్చలకి బాణాలు గీసి పేర్లు పెట్టాను. పరిశీలనల కింద కోడూరులో మేం గడిపిన అయిదు రోజులూ గంటగంటకీ పట్టికలో రాశాను. మొదటి పేజీలో ‘ఈ పని వీరే చేశారు’ అని ధ్రువపత్రం అచ్చువేసి ఉంటుంది. ఒక పేరు పట్టే ఖాళీలో ఏడు పేర్లు ఇరికించాను, నాదీ కలిపి. ఫలితం మాత్రం రాయలేదు. ప్రయోగం ఇంకా అవలేదు కదా!

కాస్త ఓపిక రాగానే బందరు తీసుకెళ్ళి ఆపా చేతిలో పెట్టాను. రెండు పేజీలు తిప్పింది. మూడో పేజీకి చుట్టూ చూసింది. స్టూలు లాక్కుంది.

“ఓరి నీ అసాధ్యం కూలా! విజ్ఞాపన అంటే ఇదా! బొమ్మ కూడా వేశావా? ఇది నా చెయ్యా?” అని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. మిగతా అయిదుగురూ మూగారు. సాయంత్రం తెల్లకాగితాల మీద మామూలుగా రాసుకుందాంలే అని, నా పుస్తకాన్ని బల్లమీద వదిలి అందరం టీకి వెళ్ళాం.

మేం వచ్చేసరికి పుస్తకం లేదు. అవి ఎమ్మెస్సీ పిల్లల రికార్డులు సార్ సంతకానికి వెళ్ళే రోజులు. అటెండరు బాబాయి పాపం, బల్లమీద బ్రౌను అట్టతో ఒక పుస్తకం మిగిలిపోయిందనుకుని అరవై రికార్డుల కట్ట మీద అరవై ఒకటోది పెట్టి సార్ ఇంటికి చేరవేశాడు. “ఒకటి మరిచిపోయారు బాబూ, నేను చూశా కాబట్టి సరిపోయింది” అన్నాడు గర్వంగా.

మర్నాడు కట్ట తిరిగి వచ్చింది. కట్టలోంచి మా పుస్తకం తీశాం. పేజీ పేజీకీ ఎర్ర సిరా! ఆపా చెయ్యి బొమ్మ పక్కన ‘పెన్సిలు చెక్కి గియ్యి. పేర్లు కుడివైపు ఉండాలి.’ పట్టికలో తేదీ ఒకటి దిద్దారు. నాలుగో రోజు దగ్గర ‘తాగిన నీరు ఎక్కడిది? రాయలేదు.’ ఆఖర్న ‘ఫలితం ఏది? పూర్తిచేసి చూపించు.’ మొదటి పేజీలో ఏడు పేర్ల కింద, ‘ఈ పని వీరే చేశారు’ అన్నదాని కింద, నిండు సంతకం, తేదీతో సహా.

గంతులు వేశాం. ఇంకేం కావాలి, లేబర్ ఆఫీసుకి పరిగెత్తడమే అన్నారు మావాళ్ళు. ఏడుగురూ పనిచేశారని సార్ చేత్తోనే రాసిచ్చారు, నా పేరు ఎలా తీస్తారో చూద్దాం అన్నారు. నేనైతే అప్పటికే చెప్పులు వేసుకున్నాను. ఆపా ఒక్కతే కదల్లేదు.

“ఆయన అలవాటుకొద్దీ పెట్టిన సంతకం ఇది. చూసుకోకుండా పెట్టిందాంతో గెలిస్తే రేపు మన సంతకానికి మాత్రం విలువేముంటుంది? ముందు ఆయనకి చెప్పాలి.”

“చెప్తే కొట్టేస్తారు ఆపా! నా బతుకు పోతుంది!”

“నీ బతుకు కోసమే చెప్పేది. దొంగతనంగా వస్తే నీ పేరు నిలవదు తమ్ముడూ. రా.”

నాకు కోపం వచ్చింది. ఆ నిమిషంలో ఆపా మీద ఎంత కోపం వచ్చిందంటే, ఈ చాదస్తపు మనిషి పాలిట పడ్డానేంట్రా భగవంతుడా అనుకున్నాను. అయినా వెంట వెళ్ళాను.

ఆపా పుస్తకం ఆయన బల్లమీద పెట్టింది. “సార్, ఇది ఎమ్మెస్సీ రికార్డు కాదు. మా యూనియన్ విజ్ఞాపన. పొరపాటున కట్టలో కలిసింది. మీరు చూసుకోకుండా సంతకం పెట్టారు. కావాలంటే కొట్టెయ్యండి సార్.”

ప్రొఫెసర్‌గారి మొహం ఎర్రబడింది. “ఏమన్నావ్? నేను చూడకుండా సంతకం పెట్టానా?”

“అంటే సార్...”

“ముప్ఫై ఏళ్ళ సర్వీసమ్మా! చదవకుండా నేను ఒక్క కాగితం మీద కూడా సంతకం పెట్టలేదు. మూడో పేజీలో తేదీ దిద్దింది ఎవరు? బొమ్మ బాగాలేదని రాసింది ఎవరు? చూశాను! ప్రతి అక్షరం చూశాను! చూసే పెట్టాను!”

ఆపా చూపు గదంతా తిరిగింది. ఆ గదిలో ఆయన కుర్చీ తప్ప ఇంకో కుర్చీ లేదు. బల్ల అంచు రెండు చేతులా పట్టుకుని, పెదవులు బిగించి, భుజాలు కదిలిపోతూ నిలబడింది. ఆపా నిలబడి నవ్వు ఆపుకున్నది జీవితంలో అదొక్కసారే అనుకుంటాను.

ఆయన పుస్తకం మళ్ళీ తెరిచారు. పట్టిక దగ్గర ఆగారు. నావైపు చూసి, గొంతు తగ్గించి, “ఏరా, నీళ్ళెక్కడ తాగావురా?” అన్నారు.

“కాలవ నీళ్ళే సార్. అక్కడందరూ అవే తాగుతున్నారు.”

“కామెర్లు అందుకేనా? నాతో ఎందుకు చెప్పలేదురా?”

ఆపా అంది, “చెప్పుకునే చోటు లేదు సార్. రికార్డులో రాస్తే చూశారు.”

ఆయన బల్ల అంచు మీదున్న ఆ నల్లటి వేళ్ళని చూశారు, పుస్తకంలో బొమ్మని చూశారు. చివరికి, “యూనియన్ అంటే నాకు ఇష్టం లేదమ్మా. తండ్రికీ పిల్లలకీ మధ్య కాగితమేంటి? కానీ సంతకం నాది. నా సంతకాన్ని నేను కాదనను. ఫలితం ఖాళీగా వదిలేశారు, అది మాత్రం తప్పు. రాయండి” అన్నారు.

“పెన్ను ఇవ్వండి సార్” అంది ఆపా.

ఎర్ర పెన్ను ఆయన ఎవరికీ ఇవ్వగా చూడలేదు. ఇచ్చారు. ఆపా ‘ఫలితం’ కింద రెండే రెండు మాటలు రాసింది: ‘ఏడుగురం ఉన్నాం’. ఆయన చదివి, పెన్ను వెనక్కి తీసుకుని, చివర చుక్క పెట్టారు. చుక్క పెట్టడం మరిచిపోయిందట.

నా నెలా పదిరోజులూ సెలవుగా పరిగణించాలని ఆయనే యూనివర్సిటీకి రాశారు. పేరు తిరిగి వచ్చింది. లేబర్ ఆఫీసులో కాయితాలతోపాటు బ్రౌను అట్ట రికార్డు కూడా పెడితే, అక్కడి ఆఫీసరు అటూ ఇటూ తిప్పి, “ఇదేంటండీ, ఈ చెయ్యి ఎవరిది?” అన్నాడు. ఆపా పది వేళ్ళూ బల్లమీద పరిచింది.

ఆ మే నెలలో ప్రొఫెసర్‌గారింటి నుంచి మామిడికాయలు కొట్టడానికి కబురొచ్చింది. యూనియన్ వాళ్ళం వెళ్ళొచ్చా, వెళ్ళకూడదా అని మేం తర్జనభర్జన పడుతున్నాం. ఆపా కొంగు బిగించి అప్పటికే గేటు దగ్గరుంది. “రికార్డులకి పిలిస్తే పని. ఆవకాయకి పిలిస్తే పేరంటం. రెండూ కలిపి చెడగొట్టకండి, రండి” అంది. అందరికంటే పెద్ద కత్తి తనే తీసుకుంది. సాయంత్రం అమ్మగారు ఒక జాడీ బదులు ఏడు జాడీలు వరసగా పెట్టి, “మీ సార్ లెక్క చూసుకోమన్నారు. ఏడూ ఉన్నాయా?” అన్నారు. అప్పుడు చూడాలి. పెరట్లో మామిడి టెంకల గుట్ట పక్కన చతికిలబడి ఆపా నవ్విన నవ్వుకి లోపలి నుంచి ప్రొఫెసర్‌గారు కూడా బయటికొచ్చారు.

“తర్వాత మాట్లాడేది...” అని మైకులో నా పేరు పిలిచారు. రెండు నిమిషాలే అని చెవిలో చెప్పారు. వెళ్ళి మైకు ముందు నిలబడ్డాను. హాల్లో ముందు వరసలో మా ఏడుగురిలో ముగ్గురు కూర్చుని ఉన్నారు, జుట్లు నెరిసి, కళ్ళజోళ్ళతో. వాళ్ళని చూశాక నా నోటికి వచ్చింది ఒక్కటే. హాజరు పిలిచాను.

మొదటి పేరు. ముందు వరసలో కళ్ళజోడు ఉలిక్కిపడి, లేచి నిలబడి, “ఉన్నాను” అంది. రెండో పేరు, మూడో పేరు. “ఉన్నాను.” “ఉన్నాను.” ఊళ్ళో లేని ఇద్దరికీ వాళ్ళే జవాబు చెప్పారు, సెలవులో ఉన్నారని. నా పేరు నేనే పిలుచుకుని, ఉన్నానన్నాను. ఇక ఎప్పటిలాగే చిట్టచివర ఆపా పేరు పిలిచాను, పూర్తి పేరు. నేను నోరు తెరిచేలోపు ముందు వరసలోంచి ముగ్గురూ ఒక్క గొంతుతో అన్నారు.

“సెలవులో ఉంది.”

వేదిక పక్కన కూర్చుని సభ వివరాలు రాసుకుంటున్న కుర్రాడు అయోమయంగా నావైపు చూశాడు. “సార్, ఇది కూడా రాయాలాండీ?”

“రాయి బాబూ” అన్నాను. రాసేదాకా అక్కడే నిలబడ్డాను.